దాచుకుని చూడాల్సిన పనేముంది?



2020 నుంచి తెలుగు బిగ్‌బాస్ ఏటా సెప్టెంబర్ మొదటి వారంలో మొదలై డిసెంబర్‌లో ముగుస్తోంది. మన అరకులో చలి ముదిరి, కాఫీ పండ్లు ఎర్రబడి కోతకొచ్చే సమయానికి ఫైనల్ దగ్గరపడుతుంది. ఆ నాలుగు నెలలూ పిల్లల మాటల్లో హౌస్, కెప్టెన్, నామినేషన్ అనే పదాలు దొర్లుతూనే ఉంటాయి. పెద్దల్ని అడిగితే మాత్రం "మా ఇంట్లో అలాంటివి చూడం మేడమ్" అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. చూస్తామని ఒప్పుకునేవారు కూడా "ఏదో టైంపాస్‌కి" అని గొంతు తగ్గిస్తారు.

ఈ మొహమాటం అక్కర్లేదని నా అభిప్రాయం. షో కంటే దాన్ని దాచడమే పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తుంది.

మనం సిగ్గుపడకుండా చూసేవి ఎన్ని లేవు? రోజంతా క్రికెట్ చూస్తాం. న్యూస్ చానెల్ చర్చల్లో నలుగురు ఒకేసారి అరుచుకుంటుంటే సౌండ్ పెంచి మరీ వింటాం. 1996లో ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యం గారి 'పాడుతా తీయగా' మొదలైనప్పటి నుంచి, ఎవరు గెలుస్తారు, ఎవరు వెనుదిరుగుతారు అని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తూనే ఉన్నారు. అందులో పాట పోటీ, ఇందులో మనుషులు కలిసి బతకడమే పోటీ. 1999లో నెదర్లాండ్స్‌లో 'బిగ్ బ్రదర్' పేరుతో పుట్టిన ఈ ఆట 2017లో జూనియర్ ఎన్టీఆర్ హోస్ట్‌గా తెలుగులోకి వచ్చింది. తర్వాత ఒక సీజన్‌ను నాని, 2019 నుంచి నాగార్జున నడుపుతున్నారు.

ఇంతమందికి ఎందుకు నచ్చింది? గిన్నెలు ఎవరు తోమలేదు, కూరలో ఉప్పు ఎక్కువైతే ఎవరు అలిగారు, ముందొక మాట వెనకొక మాట ఎవరు అన్నారు అనేవి ప్రతి ఇంట్లోనూ ఉన్న గొడవలే. వారపు సంతలో బేరాలు అయ్యాక చుట్టాలు ఒక పక్కన కూర్చుని మాట్లాడుకునేదీ ఇలాంటి సంగతులే. 2019లో గెలిచిన గాయకుడు రాహుల్ సిప్లిగంజ్ 2023లో ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు' పాడాడు. 2023 సీజన్‌లో రైతుబిడ్డగా పేరు తెచ్చుకున్న పల్లవి ప్రశాంత్ గెలిచాడు. మనలాంటివారు అక్కడ ఎలా నెగ్గుకొస్తారో చూడాలనిపించడం సహజం.

"దీనివల్ల ఉపయోగం ఏమిటి?" అని అడిగేవారున్నారు. ఉపయోగం లేకపోయినా ఫర్వాలేదని నేనంటాను. పొద్దంతా ఆఫీసులోనో, షాపులోనో, తోటలోనో పనిచేసి వచ్చినవారు ఒక గంట నవ్వుకోవడానికి లెక్క చెప్పక్కర్లేదు. పిల్లల ప్రతి గంటకూ మార్కులు లెక్కగట్టే అలవాటు స్కూళ్లలో మాకూ ఉంది. ఆ అలవాటును ఇంట్లో విశ్రాంతి దాకా తీసుకురావద్దు.

మనం దాస్తే ఏమవుతుంది? పిల్లలు చూడడం మానరు, ఫోన్‌లో చూస్తారు. అక్కడ వాళ్లకు కనిపించేది గంట ఎపిసోడ్ కాదు, అందులోని అరుపులను కత్తిరించిన అర నిమిషం ముక్కలు, వాటి కింద బూతు కామెంట్లు. పక్కన "అలా మాట్లాడకూడదు కదా" అనే పెద్దవాళ్లు ఎవరూ ఉండరు. పైగా ఇష్టమైనదాన్ని దాచాలని మన దగ్గరే నేర్చుకుంటారు.

అన్నీ మంచివే అని నేననను. 2023 డిసెంబర్‌లో ఫైనల్ ముగిసిన రాత్రి హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్ బయట అభిమానులు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు. ఆటను ఆటగా చూడకపోతే అక్కడికే చేరుతుంది. అందుకే కొన్ని సూచనలు:

1. మామూలు రోజుల్లో ఎపిసోడ్ మొదలయ్యేది రాత్రి తొమ్మిదిన్నర తర్వాతే. పొద్దున్నే స్కూల్ బస్సు ఎక్కాల్సిన పిల్లలకు అది నిద్రవేళ. వాళ్లతో శని, ఆదివారాల ఎపిసోడ్లకే పరిమితం చేసుకోండి. ప్రైమరీ పిల్లలకు పాటల, డ్యాన్స్ షోలు చాలు.

2. ఇరవై నాలుగు గంటల రికార్డింగ్‌ను దాదాపు గంటకు కుదిస్తారని చెప్పండి. "ఈ గొడవకు ముందు ఏం జరిగి ఉంటుంది?" అని అడగండి. చూపించినదంతా నిజం కాదన్న సంగతి వాళ్లకే అర్థమవుతుంది.

3. నామినేషన్ రోజున ఎవరు చెప్పింది కారణం, ఎవరు చేసింది అవమానం అని పిల్లల్నే తేల్చమనండి. నా ఇంగ్లిష్ క్లాసులో "బికాజ్" తర్వాత ఏం రాయాలో తెలియక ఆగిపోయే పిల్లలు, ఈ విషయంలో మాత్రం గలగలా మాట్లాడేస్తారు.

4. మీకు నచ్చిన కంటెస్టెంట్ కోసం వాదించండి. నచ్చనివారి రూపాన్ని, ఊరిని, కులాన్ని, యాసను ఎగతాళి చేయకండి. కొండ యాసతో మాట్లాడే పిల్లలు మన తరగతుల్లోనే ఉన్నారు. టీవీలో యాసను చూసి ఇంట్లో నవ్వితే, మర్నాడు ఆ నవ్వు క్లాసుకు వస్తుంది.

వచ్చే ఆదివారం ఎలిమినేషన్ చూస్తున్నప్పుడు పిల్లలు గదిలోకి వస్తే చానెల్ మార్చకండి. పక్కకు జరిగి చోటివ్వండి.

— మీ ఇంగ్లిష్ టీచర్