సీసా ఎగరేస్తే పరువు పోతదా?

పోస్టు పొడుగ్గా ఉంటది. సగం చదివి కామెంట్ పెట్టొద్దు, మొత్తం చదివి తిట్టండి.

పోయిన వారం మా హాస్టల్ తమ్ముడొకడు ఇంటర్ కాలేజ్ ఫ్లేర్ బార్టెండింగ్ పోటీలో మూడో స్థానం తెచ్చుకున్నడు. నాలుగు నిమిషాల వీడియో ఇక్కడ పెట్టినం. సాయంత్రానికి తీసేసిన్రు. "అసలే ఆదివాసీ అంటే తాగుబోతు అంటున్నరు, మీరు సీసాలు పట్టుకొని గంతులేస్తే ఇంకేం మిగుల్తది" అని ఒక పెద్దాయన రాసిన్రు. దానికి నలభై లైకులు. అదే రోజు కబడ్డీ టీమ్ ఫొటోకు, విలువిద్య పతకానికి ఇదే గ్రూపు చప్పట్లు కొట్టింది. ఏం చూసి తీసేసిన్రు? ఆటను చూసా, సీసాను చూసా?

ఆట సంగతి ముందు చెప్తం. తిట్టినవాళ్లలో చాలామంది మొదటి పది సెకన్లు దాటి చూసినట్టు లేదు. డ్రింక్ కలిపే పనిలోనే సీసాను, స్టీలు షేకర్ టిన్నును గాల్లో తిప్పి, వీపు వెనక నుంచి వేసి, మోచేతి మీద నిలబెట్టి, చివరికి కొలత తప్పకుండా గ్లాసులో పోయడమే ఫ్లేర్. 1986లో అమెరికాలోని కాలిఫోర్నియాలో టీజీఐ ఫ్రైడేస్ అనే రెస్టారెంట్లవాళ్లు దీనికి పోటీ పెట్టిన్రు. అందులో గెలిచిన జాన్ బ్యాండీయే తర్వాత 'కాక్‌టెయిల్' సినిమా కోసం టామ్ క్రూజ్‌కు సీసా తిప్పుడు నేర్పిండు. 1988లో ఆ సినిమా వచ్చినంక దేశదేశాల్లో దీని మోజు పెరిగింది. పోటీలు రెండు తీర్లు. వర్కింగ్ ఫ్లేర్‌లో విసుర్లు చిన్నవి, డ్రింక్ ఆలస్యం కావద్దు. ఎగ్జిబిషన్ ఫ్లేర్‌లో పాటకు తగ్గట్టు నిమిషాల తరబడి వరస కట్టాలె. సీసా జారితే మార్కులు కోత, ఒలికితే కోత, పగిలితే ఇంకా కోత. కొత్త విసురుకు, కష్టమైన విసురుకు, ఒకదాని నుంచి ఒకదానికి తడబడకుండా పోయినందుకు మార్కులు.

ఖాళీ సీసా ఒక తీరుగ తిరుగుతది. అడుగున కొంచెం నీళ్లున్న సీసా ఇంకో తీరుగ తిరుగుతది, ఆ బరువును చెయ్యి గుర్తుపట్టాలె. మా తమ్ముడు వీపు వెనక నుంచి ఎడమ భుజం మీదుగా వేసే ఒక్క విసురు కోసం వానాకాలం మొత్తం పెట్టిండు. గదిలో వేస్తే ఫ్యాన్‌కు తగుల్తది. వరండాలో ఒక్కటి జారితే వాచ్‌మన్ లేస్తడు. అందుకని భోజనాలయినంక డైనింగ్ హాల్ వెనక పాత పరుపు పరిచి, గాజు సీసాకు టేపు చుట్టి, ఫోన్ లైటు పెట్టుకొని ప్రాక్టీస్ చేసినం. మణికట్టు వాచి వాడు రెండు రోజులు చెంచాతో తిన్నడు. మంచి ప్లాస్టిక్ ప్రాక్టీస్ సీసాలు దొరుకుతయి గానీ స్కాలర్‌షిప్ పడేదాకా మెస్ బిల్లుకే దిక్కు లేదు, అవి ఎక్కడ కొంటం?

ఇంతకీ ఆ సీసాల్లో ఉన్నది బోరు నీళ్లు. మాకు 20 ఏళ్లు. 21 నిండనోళ్లకు మందు అమ్మొద్దని ఈ రాష్ట్రంలో చట్టం. తాగి ఈ ఆట ఆడేటోడు మొదటి విసురుకే నుదురు పగలగొట్టుకుంటడు.

మమ్మల్ని మెచ్చుకునేవాళ్లు కూడా ఉన్నరు, వాళ్లతోనూ ఒక పేచీ ఉంది. "మనది విలుకాళ్ల రక్తం, ఏకలవ్యుడి వారసులం, చేతివాటం పుట్టుకతోనే ఉంటది" అంటరు. పోటీ దగ్గర ఒక జడ్జి కూడా నవ్వుతూ "సీసా మీకు రక్తంలోనే ఉంటది కదా" అన్నడు. ఒకటి పొగడ్త, ఇంకోటి ఎగతాళి, కానీ రెండూ ఆ వానాకాలాన్ని లెక్కలోకి తీసుకోవు. మా రక్తంలో ఏమీ లేదు, మణికట్టు వాపులో ఉంది. ఏకలవ్యుడి పేరు ఎత్తేవాళ్లకు ఇంకో మాట: ఈ ఆటలో బొటనవేలు లేకపోతే సీసా మెడ పట్టు దొరకదు.

ఇక పరువు మాట. తాగుడుతో మన గూడేల్లో ఇండ్లు కూలినయని అన్నరు. నిజమే. మాలో ఇద్దరి ఇండ్లల్లో తండ్రులు అట్లనే పోయిన్రు. ఆ సంగతి మాకు మీరు చెప్పాల్నా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద లేచిన్రు, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్ల కోపం దుకాణం మీద, సారా పాటలు పాడిన కాంట్రాక్టర్ల మీద, ఆ పైసల మీద బతికిన సర్కారు మీద. పనిచేసే పిల్లగాడి చేతుల మీద కాదు. ఇంకా వెనక్కి పోతే, 1879 రంప పితూరికి ఉన్న కారణాల్లో కల్లు ఒకటి. కొండల్లో తరతరాలుగా తమ కోసం గీసుకునే కల్లు మీద పన్నేసి, ఆ హక్కును కాంట్రాక్టర్లకు అప్పజెప్పిన్రు. మన చెట్టు కల్లు మనం తాగితే నేరం, కాంట్రాక్టర్ అమ్మితే వ్యాపారం! తాగుబోతులన్న ముద్ర ఎవరికి పనికొచ్చిందో అక్కడ చూడండి. ఆ ముద్రకు భయపడి మన పిల్లలనే మనం దాచిపెడితే, అది వేసినోళ్ల పని మనమే చేసిపెట్టినట్టు కాదా?

ఇంకోటి అడుగుతం, కోపం చేసుకోవద్దు. 2021లో తెలంగాణ సర్కారు మద్యం దుకాణాల్లో ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఆ రోజు ఎంతమంది పరువు పోయిందన్నరు? మనోడు వైన్ షాపు ఓనరైతే ఎదుగుదల, మనోడు కౌంటర్ వెనక నిలబడి నీళ్ల సీసా తిప్పితే సిగ్గు. ఈ లెక్క ఏం లెక్కో మాకు అర్థం కాలేదు.

"ఆడపిల్లలు కూడానా" అని ఇంకొకరు రాసిన్రు. అవును, మా ప్రాక్టీస్‌లో ఇద్దరు చెల్లెళ్లు ఉన్నరు, అందులో ఒకామెకు టిన్ను మీద సీసా నిలబెట్టుడు మా అందరికన్నా బాగా వస్తది. పాత పంజాబ్ ఎక్సైజ్ చట్టం 1914 నాటిది, ఢిల్లీలో కూడా నడిచింది. మందు తాగేచోట ఆడవాళ్లు, 25 ఏళ్ల లోపు మగవాళ్లు పనిచేయొద్దని అందులో సెక్షన్ 30 ఉండేది. 2007 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాపాడుతున్నమనే పేరుతో ఆడవాళ్ల ఉపాధి గుంజుకోవద్దని చెప్పింది. ముంబైలో శత్‌భీ బసు 1980ల నుంచే ఈ పని చేస్తున్నరు. అమీ శ్రాఫ్ ఫ్లేర్‌లోనే పేరు తెచ్చుకున్నరు. మన చెల్లెళ్ల దాకా వస్తేనే కోర్టు కన్నా మనం పెద్దోళ్లం అయితున్నం.

నిజంగా పరువు పోయే పని ఒకటి జరిగింది, దాని మీద ఈ గ్రూపులో చప్పుడు లేదు. మొన్న ఒక పెండ్లి ఈవెంట్‌కు మా వాళ్లను పిలిచిన్రు. "ట్రైబల్ థీమ్ కౌంటర్" అన్నరు. పోయి చూస్తే ప్లాస్టిక్ నెమలి ఈకల టోపీలు, మొహానికి రంగు, నడుముకు చిరుతపులి మచ్చల గుడ్డ. ఆ టోపీలు పెట్టుకొని సీసాలు తిప్పాలంట. దండారిలో గుస్సాడీలు నియమం పట్టి పెట్టుకునే టోపీ అది. గోండు తమ్ముడు వద్దన్నడు, వాడి వెనక మేమందరం వద్దన్నం. ఆ రాత్రి కూలి పోయింది, బస్సు కిరాయి కూడా ఇయ్యలేదు. ఆ సంగతి ఇక్కడ రాస్తే వచ్చిన లైకులు మూడు. నల్ల చొక్కా వేసుకొని, పేరు, ఊరు చెప్పుకొని స్టేజీ ఎక్కినోడి వీడియో మాత్రం పరువు తీసింది!

కాబట్టి అడ్మిన్ అన్నలు, ఆ వీడియో మళ్లీ పెట్టాలె. కబడ్డీకి పెట్టినట్టే వాడి పేరుతో, వాడి గూడెం పేరుతో పెట్టాలె. రెండోది, సాయంత్రం ఒక గంట డైనింగ్ హాల్ ఇయ్యాలని వార్డెన్ సార్‌కు అర్జీ రాసినం. గ్రూపులో ఉన్న టీచర్లు, ఉద్యోగులు కూడా దాని కింద సంతకం పెట్టాలె. మా పెట్టెలో ఖాళీ సీసా కనబడితే తాగినట్టు రాసుకునే అలవాటు కూడా పోవాలె, బ్యాటు కనబడితే ఎవరూ కొట్లాటకని రాసుకోరు కదా.

ఆదివారం సాయంత్రం ఐదింటికి డైనింగ్ హాల్ వెనకే ప్రాక్టీస్ ఉంటది. ఆ నలభై మందిలో వీలైనోళ్లు రండి. మెడ సన్నగా ఉన్న ఖాళీ జ్యూస్ సీసాలుంటే పట్టుకురండి, మా దగ్గర ఆరే మిగిలినయి.