ఆ కాఫీకి ఒక ఊరుంది

మొన్న హైదరాబాదులో ఒక సాహిత్య సభ. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన కవిగారొకరు, పాలస్తీనా కవి మహమూద్ దర్వీష్ తన తల్లి మీద రాసిన కవితను తెలుగులో చదివారు. బాగానే చదివారు. అక్కడితో ఊరుకుంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇందులో రాజకీయం ఏమీ లేదండీ, అమ్మ చేతి రొట్టె, అమ్మ చేతి కాఫీ, అంతే అన్నారు. డల్లాస్‌లో తనకు అమ్మ గుర్తొస్తే కలిగే బాధా ఇదేనట. ఆ లెక్కన మనందరం ప్రవాసులమేనట. హాలు హాలంతా చప్పట్లు. నా పక్కనున్న పెద్దాయన ‘ఎంత బాగా చెప్పాడండీ’ అంటూ నన్ను మోచేత్తో పొడిచాడు కూడా.

ఏం బాగు? డల్లాస్ నుంచి అమ్మ దగ్గరికి రావాలంటే టికెట్టు కొనుక్కోవాలి. ఖరీదే, కాదనను. దర్వీష్ ఆ కవిత రాసేనాటికి టికెట్టు కొనాల్సినంత దూరమైనా వెళ్ళలేదు. ఆయన ఏ పారిస్‌లోనో బీరూట్‌లోనో కూర్చుని మాతృభూమిని తలుచుకుంటూ రాశాడని మనవాళ్ళ నమ్మకం. కాదు మహాప్రభో! 1960లలో ఇజ్రాయెల్ జైల్లో రాశాడు. అమ్మ అదే దేశంలో, ఉత్తరాన గలిలీలో ఉంది. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరుకునే దూరం. మరి జైలెందుకు? ఇజ్రాయెల్‌లో మిగిలిన అరబ్బుల మీద 1948 నుంచి 1966 దాకా సైనిక పాలన నడిచింది. ఊరు దాటాలంటే సైనికాధికారి ఇచ్చే చీటీ ఉండాలి. ఈయన చీటీ లేకుండా ఊరు దాటిపోయి కవితలు చదివేవాడు. పట్టుకుని లోపల వేసేవాళ్ళు, ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ ‘లోపల’ గుర్తొచ్చిన కాఫీ అది. దాన్ని పట్టుకొచ్చి ఫిల్టర్ కాఫీ పక్కన పెట్టి, రెండూ ఒకటే, రుచి చూడండి అంటున్నారు.

ఆ అమ్మ గలిలీలో సొంత ఊళ్ళో కూడా లేదు. సొంత ఊరు అల్-బిర్వా, అక్కా రేవు పట్టణానికి తూర్పున. దర్వీష్ 1941లో అక్కడే పుట్టాడు. 1948 జూన్‌లో ఇజ్రాయెల్ సైన్యం ఆ ఊరిని పట్టుకుంది. ఏడేళ్ళ పిల్లాడు ఇంట్లోవాళ్ళతో కలిసి లెబనాన్ పారిపోయాడు. మరుసటేడు దొంగచాటుగా సరిహద్దు దాటి తిరిగొచ్చేసరికి ఊరు లేదు. ఆ నేలమీద 1949లో యసూర్ అనే కిబ్బుట్జ్, 1950లో అహిహుద్ అనే మరో పల్లె వెలిశాయి. జనాభా లెక్కలు రాసుకున్నప్పుడు ఈ కుటుంబం ఊళ్ళో లేదు కదా, అందుకని కాగితాల్లో వీళ్ళు లేనట్టే. 1950లో గైర్హాజరైనవాళ్ళ ఆస్తుల చట్టం వచ్చింది. దేశంలోనే ఉండి, పన్నులు కడుతూ, కళ్ళెదుట తిరుగుతున్నవాళ్ళని సైతం గైర్హాజరీ కింద రాసుకుని భూములు తీసేసుకున్నారు. దర్వీష్ కుటుంబం ముందు దైర్ అల్-అసద్‌లో, తర్వాత జదైదాలో తలదాచుకుంది. తమ పొలం ఎక్కడుందో వాళ్ళకి తెలుసు. అందులో ఎవరు పంట కోస్తున్నారో కూడా తెలుసు.

ఇంత ఉంది ఆ కాఫీ గిన్నెలో. రాజకీయం లేదట!

అసలు సంగతి వేరే ఉంది, చెప్పేస్తాను. నా కోపం ఆ ఒక్క కవిగారి మీద కాదు. రెండేళ్ళకోసారి అమెరికాలో తెలుగు సభలు జరుగుతాయి, దిండు మందాన సావనీర్లు వస్తాయి. తెరిచి చూడండి. అరుగు, వేపచెట్టు, చెరువు గట్టు, గడ్డివాము, నానమ్మ నేతి ముద్ద, సంక్రాంతి ముగ్గు. ఈ ఆరూ లేని ‘ప్రవాస కవిత’ మీకు కనబడితే నాకు పంపండి, ఫ్రేము కట్టించుకుంటాను. ఊరి పేరు ఉండదు. ఏ ఊరైతే ఏం, అన్నీ ఒకటే అరుగు. అరుగు మీద కన్నీరు పెట్టుకుని కవిత రాసిన పెద్దమనిషే ఆ ఇల్లు కూలగొట్టించి జీ ప్లస్ టూ లేపి అద్దెకిచ్చిన వైనం నాకు స్వయంగా తెలుసు. చెరువు గట్టు కవిత రాసినాయన ఆ చెరువు శిఖం పక్కనే రెండు ప్లాట్లు కొన్నాడు. తప్పని అనను, ఎవరి డబ్బు వాళ్ళది. కానీ ఊరిని అమ్మినవాడూ ఊరిని పోగొట్టుకున్నవాడూ ఒకే వరసలో కూర్చుని ఒకే పాట పాడతామంటే నేను తాళం వెయ్యలేను. వెళ్ళినవాళ్ళకి బెంగ ఉండదని కాదు. వీసా బాధలు, తల్లిదండ్రుల ఆఖరి చూపు దక్కకపోవడం, అవన్నీ నిజమే. వాటి మీద రాయండి, ఎవరు కాదన్నారు? అవి రాయరు. అరుగు రాస్తారు.

ఇంకొకళ్ళున్నారు, విమర్శకులు. విశ్వజనీనత అంటారు. ఊరి పేరు, చట్టం పేరు, జైలు పేరు తీసేస్తే కవిత ఎక్కడివాళ్ళకైనా తగులుతుందని వాళ్ళ సిద్ధాంతం. దీనికి జవాబు చెప్పడం కూడా దండగ. పేర్లన్నీ తీసేశాక మిగిలేది సావనీరే.

నిజానికి వాళ్ళ దగ్గర ఒక గట్టి మాట ఉంది, అదీ నేనే అందిస్తున్నాను. దర్వీష్ స్వయంగా విసుక్కున్నాడు. అమ్మ అని రాస్తే చాలు, అది పాలస్తీనాకు ప్రతీక అని జనం చదువుకుంటున్నారు, నా అమ్మ ప్రతీక కాదు, నా అమ్మే అన్నాడు. చూశారా, ఆయనే రాజకీయం వద్దన్నాడు అని దీన్ని తురుపుముక్కలా వాడతారు. అమ్మ ప్రతీక కాకపోతే ఏమవుతుందో కాస్త ఆలోచించరేం? నిజం మనిషి అవుతుంది. నిజం మనిషికి ఇల్లుండాలి, వాకిలుండాలి, పొయ్యి ఉండాలి. ఆ పొయ్యి అల్-బిర్వాలో ఎందుకు లేదు అనే ప్రశ్న వెంటనే వస్తుంది. ప్రతీక అయితేనే నయం, ఏ అడ్రసూ అడగక్కర్లేదు.

ఆయనకి కాఫీ మీదున్న పట్టుదల చూడాలంటే ఆ ఒక్క కవిత చాలదు. 1982 ఆగస్టులో బీరూట్ ముట్టడిలో గడిచిన ఒక్క రోజు గురించి పుస్తకమంతా వచనంలో రాశాడు. తెల్లవారుజామున బాంబులు పడుతుంటాయి. వంటగది సముద్రం వైపు, గుండ్లు వచ్చే వైపు. ఈ మనిషికి కావలసిందల్లా కాఫీ కాచుకోవడానికి ఒక అయిదు నిమిషాల కాల్పుల విరమణ. నీళ్ళు పొయ్యి మీద పెట్టడం, పొడి చెంచాలు చెంచాలుగా వేయడం, పొంగు చూడడం, పేజీలకు పేజీలు. బాంబుల గురించి రాయకుండా కాఫీ గురించి ఏమిటీ రాత అనిపిస్తుంది. చదువుతూ పోతే తెలుస్తుంది, ఆ అయిదు నిమిషాలు తన చేతిలో లేకుండా పోయాయన్నదే ఆయన ఫిర్యాదు. ఇదీ ఇంటి బెంగేనా? మనకి అయిదు నిమిషాలు దొరకనిది జూమ్ మీటింగుల వల్ల.

రాజకీయం లేని కవిత్వమైతే 2000 మార్చిలో ఏం జరిగినట్టు? ఇజ్రాయెల్ విద్యామంత్రి యోసీ సరీద్, దర్వీష్ కవితలు కొన్నింటిని పాఠశాలల్లో చదువుకోవచ్చన్నాడు. తప్పనిసరి కూడా కాదు. గగ్గోలు లేచింది. అవిశ్వాస తీర్మానం దాకా వెళ్ళింది, అయితే నెగ్గలేదు. ప్రధాని ఎహూద్ బరాక్ దేశం ఇంకా సిద్ధంగా లేదని చెప్పి పక్కన పెట్టేశాడు. ఆ కవితల్లో ఏముందో గగ్గోలు పెట్టినవాళ్ళకి అర్థమైంది. చప్పట్లు కొట్టిన మనకి అర్థం కాలేదు.

అందరం ప్రవాసులమే అనుకోవాలని అంత ముచ్చటగా ఉంటే డల్లాస్ దాకా ఎందుకు, సిద్దిపేట జిల్లాకి వెళ్ళండి. మల్లన్నసాగర్ కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ మునిగాయి. ఆ మనుషుల్ని తెచ్చి గజ్వేల్ పక్కన కాలనీలో పెట్టారు. శ్రీశైలం నీళ్ళ కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్ళు పోయి నలభై ఏళ్ళు దాటింది. నీళ్ళు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడితే టీవీ కెమెరాలు వెళతాయి. ఆ చుట్టుపక్కల మునిగిన ఊళ్ళవాళ్ళు ఇప్పుడెక్కడున్నారని అడిగిన కెమెరా నాకు కనబడలేదు. పాలస్తీనాకీ దీనికీ సాపత్యం కట్టడం లేదు, అదొక చరిత్ర, ఇదొకటి. ఊరు పోవడమంటే ఏమిటో చెప్పగలిగిన నోళ్ళు మన పక్కనే ఉన్నాయంటున్నానంతే. వాళ్ళని మాట్లాడించాలి, పాడించాలి, ఊరి పేరుతో సహా అచ్చు వెయ్యాలి. ఎవరు, ఎలా అన్నది చేసేవాళ్ళు తేల్చుకుంటారు. ఒక్క సావనీరు ఖర్చుతో అయిపోయే పని.

దర్వీష్ 2008 ఆగస్టు 9న హ్యూస్టన్‌లో, గుండె ఆపరేషన్ తర్వాత పోయాడు. డల్లాస్ కవిగారి రాష్ట్రమే. రమల్లాలో పూడ్చారు, అల్-బిర్వాలో కాదు. సభల నిర్వాహకులకు నా మనవి ఒక్కటే: ఆ కవిత మళ్ళీ చదివిస్తే, చదివేవారు ముందుగా ఆ ఊరి పేరు, 1948, ఆ చట్టం పేరు చెప్పాలి. రెండు నిమిషాలు పడుతుంది. అంత టైము లేదంటే ఆ కవిత జోలికి పోకండి, అరుగు మీద ఇంకో కవిత చదివించుకోండి.