చిల్లర వాటాలకు నాడు ధరలో కోత, నేడు రుసుంలో కోత

తెనాలి, (మా విలేకరి): డెల్టా గ్రామాల్లో పాత ఇళ్లలోని ఇనుప పెట్టెలు తెరిస్తే, పొలం దస్తావేజుల అడుగున ఒకటో రెండో కంపెనీ వాటా పత్రాలు కనిపించడం అరుదేమీ కాదు. 8 వాటాలు, 17 వాటాలు, 40 వాటాలు, ఇలా ఉంటాయి ఆ లెక్కలు. ఈ ప్రాంతానికి చెందిన రిటైర్డు ఉపాధ్యాయుడొకరు 1990 ప్రాంతంలో తన 40 వాటాలను అమ్మబోగా, పత్రికలో పడిన ధర కంటే బాగా తగ్గించి అడిగారట. ఒళ్లు మండి ఆ పత్రాలను మళ్లీ పెట్టెలో పడేశానని ఆయన చెప్పారు. ఆయన కోపం సహజమే. అయితే ఆ కోత ఎందుకు పడిందో, ఈనాడు పరిస్థితి ఎలా మారిందో తెలియక ఇటువంటి వారు పెద్ద నష్టానికే గురి అవుతున్నారు.

వంద లేకుంటే విలువ లేదు

కాగితపు పత్రాల కాలంలో 10 రూపాయల ముఖ విలువ గల వాటాలు సాధారణంగా 50 లేక 100 చొప్పున కట్టగా చేతులు మారేవి. అంతకు తగ్గినవి బ్రోకర్ల భాషలో ‘ఆడ్ లాట్’, అనగా చిల్లర వాటాలు. వీటిని పుట్టించింది చాలావరకు కంపెనీలే. ఐదింటికి రెండు చొప్పున బోనస్ ఇస్తే 100 వాటాలున్న వారికి 40 వచ్చేవి. మూడింటికి ఒకటి చొప్పున హక్కు వాటాలిస్తే 33 వచ్చేవి.

ఈ చిల్లరను కొన్న వ్యాపారి వెంటనే అమ్ముకోలేడు. పదిమంది దగ్గర ఏరి, ఒక్కొక్క పత్రానికి బదిలీ ఫారం జతపరచి, స్టాంపులు అంటించి, తన పేరిట మార్చమని కంపెనీకి పంపాలి. బదిలీకి 1956 కంపెనీల చట్టం రెండు నెలల గడువు ఇచ్చింది. సంతకం కాస్త తేడాగా ఉన్నా పత్రం తిరిగి వచ్చేది. ఈలోగా ధర పడిపోతే నష్టం వ్యాపారిదే. ఈ శ్రమను, జాప్యాన్ని, భయాన్ని లెక్కగట్టి అమ్మేవాడి ధరలో కోసేవారు. ఉదాహరణకు 100 రూపాయల వాటాను 85కు అడిగితే, 40 వాటాలకు పోయేది 600 రూపాయలు.

కాబట్టి కోత అంతా మోసమని అనలేము. కాని ఎంత కోయాలన్నదానికి కట్టుబాటు లేదు. పత్రికలలో పడేది కట్టల ధర మాత్రమే. చిల్లర ధర అడిగితేగాని తెలియదు. పల్లె నుండి పట్నపు ఏజంటు, అతని నుండి హైదరాబాదు లేక బొంబాయి బ్రోకరు, ఇలా చేతులు మారినకొద్దీ కోత పెరిగేది. బేరమాడే శక్తి లేని వారికే దెబ్బ ఎక్కువ తగిలేదని వేరే చెప్పనవసరం లేదు.

కాగితం పోయింది, కోత పోయింది

1996లో డిపాజిటరీల చట్టం వచ్చింది. అదే సంవత్సరం నవంబరులో తొలి డిపాజిటరీ పని ప్రారంభించింది. 1999 నుండి దశలవారీగా డీమ్యాట్ లావాదేవీలు తప్పనిసరి అయ్యాయి. డీమ్యాట్‌లో ఒక్క వాటా కూడా ఒక కట్టే. ఒక్కటి అమ్మినా, లక్ష అమ్మినా మార్కెట్ ధర ఒకటే. నాటి కోత వాటా విలువ తక్కువై కాదని, కాగితపు బరువు వల్లనేనని దీనితో రుజువైంది.

అయితే చిన్నవారి కష్టం పూర్తిగా తీరలేదు. అమ్మకం జరిగినప్పుడు చాలా సంస్థలు ఒక్కొక్క కంపెనీ వాటాకు, రోజుకు ఇంత అని స్థిర రుసుం తీసుకుంటున్నాయి. 20 రూపాయల రుసుం లక్ష రూపాయల అమ్మకంలో లెక్కలోకి రాదు. 120 రూపాయల అమ్మకంలో ఆరో వంతు. కనుక రోజుకు కొన్ని చొప్పున కాక ఒకేసారి అమ్మడం మేలు. 4 లక్షల రూపాయల లోపు వాటాలున్న వారికి 2024 సెప్టెంబరు నుండి ప్రాథమిక డీమ్యాట్ ఖాతాలో వార్షిక రుసుం లేదు. ఇది పల్లెలలో చాలామందికి తెలియకపోవడం గమనార్హం.

ఆలస్యం చేస్తే నిధికి జమ

అసలు ప్రమాదం వేరే ఉంది. 2019 ఏప్రిల్ 1 నుండి కాగితపు వాటాల అమ్మకపు బదిలీకి అవకాశం లేదు. డీమ్యాట్ చేయించాకే అమ్ముకోవాలి. వరుసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోకుంటే, 2013 కంపెనీల చట్టం ప్రకారం ఆ వాటాలు కేంద్ర ప్రభుత్వపు మదుపుదారుల విద్య, రక్షణ నిధికి బదిలీ అవుతాయి. పైన చెప్పిన ఉపాధ్యాయుని వాటాలకు జరిగింది అదే. పాత చిరునామాకు వెళ్లిన ఉత్తరాలు ఆయనకు అందనేలేదు. నాడు ధరలో కోతకు ఒప్పుకోని మనిషి, నేడు మొత్తం వాటాల కోసం దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది.

నిధికి పోయినంత మాత్రాన సొమ్ము పోయినట్లు కాదు. ఐ.ఇ.పి.ఎఫ్-5 అనే ఫారంతో తిరిగి కోరవచ్చు. అందుకు ఆధార్, పాన్, డీమ్యాట్ ఖాతా ఉండాలి. మూల పత్రాలు సిద్ధంగా ఉంచుకోవాలి. కాని కంప్యూటరులో దరఖాస్తు నింపడం వృద్ధులకు తలకు మించిన పని. 40 వాటాల కోసం కన్సల్టెంటును పెట్టుకుంటే, వచ్చేదానిలో అతని వాటాయే ఎక్కువ కావచ్చు. పాత ఏజంటు పోయి కొత్త ఏజంటు వచ్చినట్లవుతుంది. మండల కేంద్రాలలోని బ్యాంకు శాఖలలో నెలకొకరోజు ఇటువంటి దరఖాస్తులను ఉచితంగా నింపి పెట్టే ఏర్పాటు చేయాలని చిన్న వాటాదారులు కోరుతున్నారు. ఈలోగా పెట్టె అడుగున ఉన్న పత్రాలను బయటకు తీసి, కంపెనీ రికార్డులలో చిరునామా, బ్యాంకు ఖాతా, నామినీ సరిచూసుకోవడం ఎవరికి వారు చేసుకోగలిగిన పని.