పాత ఇళ్లకు దిక్కెవరు?

అమెరికాలో జార్జి వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ పాడుబడుతుంటే అక్కడి సర్కారు పట్టించుకోలేదు. 1858లో ఒక మహిళా సంఘం 2 లక్షల డాలర్లకు బేరం కుదుర్చుకుని, ఊరూరా చందాలెత్తి దక్కించుకుంది. ఆ ఇల్లు ఇప్పటికీ ఆ సంఘం చేతిలోనే ఉంది. మనవైపు రాజమహేంద్రవరంలో వీరేశలింగం ఇల్లు, విజయనగరంలో గురజాడ ఇల్లు నిలిచాయి. మన హనుమకొండ జిల్లాలోనే వంగరలో మాజీ ప్రధాని పీవీ ఇల్లుంది.

మరి పరకాల? 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా పట్టి కదిలినవారిపై రజాకార్లు, నిజాం పోలీసులు తూటాలు కురిపించిన ఊరిది. ఆ అమరుల కోసం అమరధామం కట్టుకున్నాం, మంచిదే. కానీ ఆ రోజును చూసిన ఇళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. డంగుసున్నం గోడలు, టేకు దూలాలు, చెక్కడపు దర్వాజలు. గోడ కూలకముందే దర్వాజకు బేరగాడు వస్తాడు. వారసులను తప్పుపట్టలేం, గూన కప్పు తిరగేయించాలన్నా ఖర్చే.

ఇలాంటివాటిని కాపాడేందుకు 2017 నాటి రాష్ట్ర వారసత్వ చట్టం ఉంది. పురపాలక సంఘం ముందుగా పాత ఇళ్ల జాబితా రాయాలి. కూల్చివేతకు అనుమతిచ్చే ముందు కొలతలు, ఫొటోలు తీయించాలి. నిలబెట్టుకునేవారికి ఇంటిపన్ను తగ్గించాలి.