ఒకే చెట్టు నీడ అడవి కాదు

పోడు కొట్టి అడవిని నాశనం చేశారని మనల్ని తిట్టినవాళ్లే ఇప్పుడు మన కాఫీని మెచ్చుకుంటున్నారు. నీడలో పండే కాఫీ అడవిని నిలబెట్టిందని, అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సభల్లో చెబుతున్నారు. చప్పట్లు కొట్టే ముందు తోటలో నిలబడి ఒక్కసారి తలెత్తి చూడండి. ఆ నీడ ఏ చెట్టుది?

చాలా తోటల్లో సిల్వర్ ఓక్‌ది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. తొందరగా పెరుగుతుంది, మిరియాల తీగ పాకుతుంది, కలపకు డబ్బు వస్తుంది. కాదనను. మిరియాల డబ్బుతో చదువుకున్న పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. కానీ అది తినే పండు కాయదు. కొండ గోరింక, బెట్టుడుత, పునుగుపిల్లి దాని మీద ఏం తిని బతకాలి? మర్రి, మేడి, నేరేడు పండ్లు తిన్న పిట్టే గింజను కొండ మీదికి చేరుస్తుంది. చెట్టు పోతే పిట్ట పోతుంది. పిట్ట పోతే రేపు మొలవాల్సిన చెట్టూ పోతుంది.

మన తాతలు పోడు కొట్టినా ఇప్పను, చింతను, పనసను, జీలుగును ఉంచారు. వాటి మధ్యనే చోడి, సామ, కంది పండించారు. వాళ్లను అడవి దొంగలన్నారు. ఒకే మొక్కను వరసల్లో నాటించినవాళ్లను అడవి పెంచినవాళ్లంటున్నారు. ఈ మాటను మనం ఒప్పుకోకూడదు.

అయితే తప్పు మనదీ ఉంది. కాఫీకి అడ్డమని నేరేడును నరికింది మన గొడ్డలే. మా బడిలో ఊరి చెట్ల పేర్లు రాయమంటే చాలామంది మొదట సిల్వర్ ఓక్ రాశారు. మేడి పేరు ఇద్దరే రాశారు. సిగ్గుపడాల్సింది పిల్లలు కాదు. చెప్పాల్సింది నేనే కదా!

2006 అటవీ హక్కుల చట్టం పట్టాలతో ఆగలేదు. అడవిని, వన్యప్రాణులను, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం 5వ సెక్షన్‌లో గ్రామసభకు ఇచ్చింది. పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఈ అధికారాన్ని ఎన్ని గ్రామసభల్లో వాడుకున్నాం?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఉన్న సిల్వర్ ఓక్‌లన్నీ కొట్టేయమనడం లేదు. ఒకటి ఎండిపోయిన చోట పనస నాటండి, మిరియాల తీగ దానికీ పాకుతుంది. గెడ్డ ఒడ్డు మేడిని, మర్రిని ఎవరూ నరకకూడదని గ్రామసభలో తీర్మానం రాయించండి. తోటి ఉపాధ్యాయులారా! నర్సరీ నుంచి వచ్చే మొక్క కోసం ఎదురుచూస్తే మళ్లీ అదే వస్తుంది. నేరేడు, పనస గింజలను పిల్లల చేత బడి పెరట్లోనే మొలిపిద్దాం.

అప్పుడు కాఫీ అడవిని కాపాడిందని ఎవరో సభలో చెప్పనక్కర్లేదు. మనమే చెబుదాం.