తనిఖీ ముఖాన్ని చూసి చేసేది కాదు

పుదుచ్చేరిలోని లాస్‌పేట విమానాశ్రయం నుంచి హైదరాబాద్‌కు 2024 డిసెంబరులో విమానాలు మళ్లీ మొదలయ్యాయి. ఇక్కడ చదువుకునే తెలుగు విద్యార్థులకు, ముఖ్యంగా ఇంట్లో తొలిసారి విమానం ఎక్కుతున్నవారికి, భద్రతా తనిఖీ వరుస ఇప్పుడు సొంత అనుభవం. ఆ తనిఖీ ప్రమాదాన్ని పట్టుకుంటుందా? అందరినీ ఒకేలా చూస్తుందా? ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు కావు.

మెటల్ డిటెక్టర్ లోహాన్నే పట్టుకుంటుంది, లోహం లేని పేలుడు పదార్థాన్ని కాదు. ఎక్స్‌రే తెరను చదివేది మనిషే. 2015లో అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ తనిఖీ అధికారులు మారువేషంలో 70 సార్లు పరీక్షిస్తే, 67 సార్లు నకిలీ ఆయుధాలు, పేలుడు పదార్థాలు సిబ్బంది కళ్లుగప్పి దాటిపోయాయి.

మనిషి తీరు చూసి అనుమానించే పద్ధతి ఇంకా బలహీనం. దానికి 2007 నుంచి సుమారు 90 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, 2013లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఒక మాట తేల్చింది: హావభావాలతో మోసాన్ని పసిగట్టడం బొమ్మాబొరుసుతో సమానం, లేదా కాస్త మెరుగు. పేరు, రంగు, బట్టలు చూసి మనిషిని అంచనా కట్టే మన సమాజంలో ఆ 'అనుమానం' ఎవరి మీద వాలుతుందో చెప్పనక్కర్లేదు.

1999 డిసెంబరు కాందహార్ హైజాక్ తర్వాత మన విమానాశ్రయాల భద్రత క్రమంగా సీఐఎస్ఎఫ్ చేతికి వచ్చింది. రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, ముఖ్యమంత్రుల వంటి పదవుల్లో ఉన్నవారికి తనిఖీ నుంచి మినహాయింపు జాబితా ఉంది. నర్తకి సుధా చంద్రన్‌కు మాత్రం ప్రతిసారీ కృత్రిమ కాలు విప్పాల్సి వచ్చింది. పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే యంత్రంతో పరీక్షించమని ఆమె కోరినా వినలేదు. 2021లో ఆమె బహిరంగంగా అడిగాకే సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. బాబాసాహెబ్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత స్కానర్ దగ్గరా కనిపిస్తోంది.

ఇది గౌరవానికి మాత్రమే సంబంధించిన ఫిర్యాదు కాదు. ఎవరిని ఆపుతారో, ఎవరిని వదులుతారో ముందే తెలిసిపోతే, హాని తలపెట్టినవాడు వదిలే దారినే ఎంచుకుంటాడు. పక్షపాతం భద్రతకే కన్నం.

కాబట్టి అదనపు సోదాకు మనిషిని ఎంపిక చేసేది జవాను చూపు కాకూడదు, యంత్రం తీసే లాటరీ కావాలి. మినహాయింపు జాబితాను కుదించాలి. కృత్రిమ అవయవాలున్నవారికి ఆనవాళ్ల పరీక్షే మొదటి పద్ధతి కావాలి. రహస్య పరీక్షల్లో వైఫల్యాల శాతాన్ని, లోపాల వివరాలు బయటపెట్టకుండానే, పౌర విమానయాన భద్రతా బ్యూరో పార్లమెంటు ముందు ఉంచాలి. 14వ అధికరణం విమానాశ్రయం గేటు బయట ఆగిపోదు.