రెండు పెట్టెలకు ఒకే నెంబరా?

వెనక గదికి వైఫై అందడం లేదని మీ ఇంట్లో రెండో పెట్టె కొన్నారనుకోండి. పాతదాని చిరునామా 192.168.1.1. కొత్తది కూడా చాలాసార్లు అదే చిరునామాతో వస్తుంది. ఒకే వీధిలో రెండిళ్లకు ఒకే నెంబరుంటే పోస్ట్‌మాన్ ఏం చేస్తాడు? ఉత్తరం ఒకనాడు ఇక్కడ, ఒకనాడు అక్కడ పడేస్తాడు. మా ఇంట్లో ఇదే జరిగింది. తప్పు నాది, రెండు రోజులు గోడల మందాన్ని తిట్టుకున్నాను!

ఇది మెకానిక్ పని అంటారు పెద్దలు. నేనొప్పుకోను. తొమ్మిదో తరగతి చదివేవారు చక్కగా చేయగలరు. కొత్త పెట్టెను లాన్ రంధ్రాల ద్వారా పాతదానితో కలిపే ముందే దాని నెంబరు మార్చండి. మొదటి మూడు సంఖ్యలు వీధి పేరువంటివి, వాటిని కదపకండి. చివరిది 1 నుండి 254 లోపు ఉండాలి. అయితే చిక్కొకటుంది. పాత పెట్టె ఫోన్లకు తానే నెంబర్లు పంచుతుంది. 100 నుండి 199 వరకు పంచుతోందనుకుందాం. మీరు 150 ఎంచుకుంటే, ఏదో ఒకనాడు ఒక ఫోనుకూ అదే నెంబరు దక్కవచ్చు. కనుక ఆ వరుసకు బయట, 192.168.1.2 వంటిది ఇవ్వండి. పంచే పనిని డి.హెచ్.సి.పి. అంటారు. కొత్త పెట్టెలో దాన్ని ఆపేయండి; పంచే చేయి ఒకటే ఉండాలి.

మరి పక్కింటి పెట్టెదీ 192.168.1.1 అయితే? గొడవ లేదు. 192.168తో మొదలయ్యే నెంబర్లను ఎవరి ఇంట్లో వారు వాడుకోవచ్చని 1996 నాటి ఇంటర్నెట్ నియమం. అవి గడప దాటవు.

ఎంచుకున్న నెంబరును కాగితంపై రాసి పెట్టె అడుగున అంటించండి. నేను అంటించలేదు, మరుసటి ఏడు మళ్లీ వెతుక్కున్నాను.